ఇద్దరి పేర బుక్ చేసిన పడవ

అరబ్బు దేశంలోని ఉమ్మల్ ఖువైన్ మడ అడవుల పాయల్లోకి, సరదాగా చేపలు పట్టుకునేవాళ్లను తీసుకెళ్లే పడవ మీద మూడేళ్లు పనిచేశాను. అంతకుముందు అల్ ఖూజ్‌లో లేబర్ క్యాంపులో ఉండి భవనాలకు షట్టరింగ్ పనికి పోయేవాణ్ణి. కరోనా ఏడాది ఆ కంపెనీ మూతపడింది. క్యాంపులో నా పక్క మంచం మీద ఉండే మలయాళీకి బావ ఈ పడవ కెప్టెన్. ఆయన నన్ను అడిగింది ఒకే ప్రశ్న, ఈత వచ్చా అని. వచ్చన్నాను. జగిత్యాల దగ్గర మా ఊరి చెరువులో నేర్చుకున్న ఈత అది.

పని కష్టంగా ఉండేది కాదు. గాలాలకు రొయ్య ముక్కలు గుచ్చి ఇవ్వాలి, పడ్డ చేపను వలబుట్టతో అందుకోవాలి, నోట్లో కొక్కెం తీయాలి. పోటు మీద పాయల్లోకి వెళ్లి, పాటుకు నీళ్లు బాగా లాగకముందే బయటపడాలి. ఆలస్యమైతే పడవ బురదలో కూర్చుంటుంది.

కష్టమంతా మాటతోనే. కెప్టెన్ మంచివాడు, కానీ మా ఇద్దరికీ మధ్య ఉన్నది సగం సగం హిందీ. గదిలో ఇద్దరు బంగ్లాదేశీలు, ఒక నేపాలీ. ఇంటికి చేసిన ఫోన్ పెట్టేశానంటే, మళ్లీ చేసేదాకా నా నోట తెలుగు ముక్క వచ్చేది కాదు. ఒక్కోసారి గాలానికి ఎర గుచ్చుతూ దాని పేరు తెలుగులో ఏమిటా అని ఆలోచించాల్సి వచ్చేది.

ఒక చలికాలం శనివారం పొద్దున ఒకాయన ఒంటరిగా వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, ఆఫీసు బూట్లు. బుకింగ్ ఇద్దరికి ఉంది.

"దూస్రా ఆద్మీ ఆయేగా, సర్?" అని అడిగాను.

"నహీ. చలో."

రెండు గాలాలకూ ఎర గుచ్చమన్నాడు. ఒకటి తాను పట్టుకున్నాడు. రెండోది పక్కనున్న ఖాళీ సీటు ముందు గొట్టంలో నిలబెట్టమన్నాడు. కెప్టెన్ పాయలోకి తీసుకెళ్లి ఇంజన్ ఆపేశాడు. కాసేపటికి తెలుగు వినబడింది.

"చూశావా? మన కోరంగి మడలాగే లేదూ?"

ఫోనులో మాట్లాడుతున్నాడేమో అనుకుని తిరిగి చూశాను. చేతిలో ఫోన్ లేదు. ఆయన ఖాళీ సీటు వైపు తిరిగి ఉన్నాడు.

నేనూ తెలుగోణ్ణే సార్ అని అప్పుడే అనాల్సింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోపే ఆయన ఇంకో మాట అన్నాడు.

"ఫ్లైట్లు లేవురా తమ్ముడూ. ఉంటే వచ్చేవాణ్ణి కాదా?"

అది విన్నాక ఎర డబ్బా అందుకుని పడవ వెనక్కి జరిగాను.

రెండు మూడు వారాలకొకసారి వచ్చేవాడు, ఎప్పుడూ ఇద్దరి పేరే. వేసవి దగ్గర పడేసరికి ఆయన మాటలను బట్టి ఆ తమ్ముడెవరో నాకు తెలిసిపోయింది. కాకినాడలో ఉండేవాడు. కరోనా రెండో వేవ్ వచ్చినప్పుడు ఆస్పత్రిలో పోయాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి గేలం పట్టుకుని తిరిగేవాడు. ఈయన బుద్ధిగా చదువుకునేవాడు. మేం గాలం అనేదాన్ని ఆయన గేలం అంటాడు. "నాకు గేలం వేయడం రాదని నవ్వేవాడివి, ఇప్పుడు చూడు" అని షేరీ చేపను పైకెత్తి ఖాళీ సీటుకు చూపించేవాడు. తర్వాత దాన్ని నీళ్లలో వదిలేయమని నాకు సైగ చేసేవాడు.

దాచడమెందుకు, నేను ఆయన కోసం ఎదురుచూసేవాణ్ణి. కెప్టెన్ బుకింగ్ పుస్తకంలో ఆయన రావలసిన రోజు కోసం వెతికేవాణ్ణి. ఆయన దుఃఖం వినాలని కాదు, తెలుగు వినాలని. తలుచుకుంటే సిగ్గేసేది. అయినా ఆయన వచ్చిన రోజు పని కల్పించుకుని మరీ ఆ సీటు దగ్గరే తచ్చాడేవాణ్ణి.

ఒకరోజు రొయ్యకు చేపలు తగలకపోతే కెప్టెన్ రొట్టె పిండి ముద్దలు పెట్టమన్నాడు. దానికి ఒక సాఫీ పడింది. అరచెయ్యంత చేప, చూడ్డానికి సాధువు. కానీ వీపు మీది ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి గంటల తరబడి మండిపోతుంది. ఆయన నవ్వుతూ దాన్ని పిడికిట పట్టుకోబోయాడు.

"సార్, ముట్టకుండ్రి! ముల్లుంటది!"

అరిచింది నేనేనని నాకు ఒక క్షణం తర్వాత తెలిసింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. చేప పడవ అడుగున పడి కొట్టుకుంటోంది. ఆయన దాని వైపు చూడనే లేదు.

"తెలుగా?"

"అవును సార్."

"మొదట్నుంచీ వింటున్నావా?"

"ఇంటున్న సార్. చెప్దామనే అనుకున్న, చెప్పలేకపోయిన."

ఆయన ముఖం ఎర్రబడింది. కోపమనుకున్నాను, కాదు. దుస్తులు మార్చుకుంటుంటే ఎవరో తలుపు తీసినప్పుడు పెట్టే ముఖం అది. రెండో గాలాన్ని తనే చుట్టేసి పక్కన పెట్టాడు. "క్యా హువా?" అన్నాడు కెప్టెన్ వెనకనుంచి. "కుచ్ నహీ. వాపస్ చలో" అన్నాడాయన.

ఇక రాడనుకున్నాను. నెల తర్వాత వచ్చాడు. ఈసారి బుకింగ్ ఒక్కరికే.

ఆ రోజు ఇద్దరం తెలుగు మాట్లాడుకున్నాం. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఆఫీసు ఉద్యోగమని చెప్పాడు. ఏ ఊరు, ఎన్నేళ్లయింది, మళ్లీ ఎప్పుడు వెళ్తావు అని నన్ను అడిగాడు. నేను అన్నింటికీ జవాబు చెప్పాను. తెలుగు కోసం అంతగా మొహం వాచినవాణ్ణి, తీరా దొరికాక రైల్లో ఎదురు సీటువాడితో మాట్లాడినట్టు మాట్లాడాను. మాటలు అయిపోయాక ఆయన గాలానికి కొత్త ఎర గుచ్చి ఇచ్చాను. ఆయన పక్క సీటు వైపు ఒక్కసారీ తిరగలేదు.

"మీ తమ్ముని సంగతి నేనెవ్వరికీ చెప్పలే సార్. కెప్టెన్‌క్కూడా" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "నువ్వు మంచివాడివే. కానీ ఇంకెవరో వింటున్నారని తెలిశాక నాకు నోరు రావట్లేదయ్యా."

పాటు మొదలైంది, ఇక చాలు పదండని కెప్టెన్ "యల్లా, ఖలాస్" అని కేకేశాడు. జెట్టీ దగ్గర ఆయన నాతో చేయి కలిపి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

నాలుగు నెలలు పుస్తకంలో ఆయన పేరు వెతికాను. చివరికి పాత బుకింగ్ పక్కన రాసిన ఆయన ఫోన్ నంబరు చూసి ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాను. మీరు రండి సార్, నేను ఆ రోజు సెలవు పెట్టి పడవ ఎక్కనే ఎక్కను అని చెప్దామని. ఆయన రెండో రింగుకే ఎత్తి "హలో, ఎవరండీ?" అన్నాడు. నా నంబరు చూసి ఎందుకు తెలుగులో పలికాడో, ఎవరి ఫోననుకున్నాడో తెలియదు. అంత ఆశగా పలికాడు. ఆయన ఎదురుచూస్తున్నది నా గొంతు కోసం కాదు.

"సారీ భాయ్, రాంగ్ నంబర్" అని పెట్టేశాను.

జెట్టీ మీద ఒక కుటుంబం లైఫ్ జాకెట్లు తొడుక్కుని నా కోసం చూస్తోంది. లేచి వెళ్లి వాళ్ల గాలాలకు రొయ్య ముక్కలు గుచ్చాను.