నీడ కుదిరితే గానీ కదలని బావ

మా బావ ఎవరు ఎదురైనా ముందు మొహం చూడడు, నీడ చూస్తాడు. అది పడవలసిన చోట పడిందని నమ్మకం కుదిరాక తలెత్తి "బాగున్నారా?" అంటాడు.

ఆయన పని అలాంటిది మరి. ఇంకా పునాదైనా తియ్యని భవనాన్ని కంప్యూటర్లో కట్టి, ఆ ఖాళీ స్థలం ఫోటోలో కూర్చోబెట్టడం ఆయన వృత్తి. చూసినవాళ్లు ఆ భవనం అక్కడ ఎన్నాళ్లుగానో ఉందనుకోవాలి. నేనూ అదే ఆఫీసులో పనిచేస్తాను. నేను పిలవడం విని ఆఫీసంతా ఆయన్ని బావ అనే పిలుస్తుంది. మా మేనేజరమ్మ మాత్రం మర్యాదకి చివర 'గారు' తగిలిస్తుంది.

మొదటిసారి నేనొక భవనాన్ని ఫోటోలో పెట్టి గొప్పగా చూపించాను. బావ చాలాసేపు చూశాడు.

"ఇది వీధిలో లేదురా. వీధి మీద స్టిక్కరు అంటించినట్టుంది."

"ఎందుకు బావా?"

"చెట్ల నీడ కుడికి పడింది. నీ బిల్డింగ్ నీడ ఎడమకి పడింది. అక్కడ ఇద్దరు సూర్యుళ్లున్నారా?"

నీడ తిప్పాను. "వీధంతా దుమ్ము. నీ గోడలు ఇప్పుడే స్నానం చేసొచ్చాయేం?" అన్నాడు. దుమ్ము పట్టించాను. "ముందంతా ఎర్రమట్టి కదా, ఆ ఎరుపు కాస్తయినా గోడకి అంటద్దూ?" అన్నాడు. అదీ అంటించాను. నా భోజనం చల్లారిపోయింది గానీ, భవనం ఒక్కసారిగా బరువెక్కి నేల మీద నిలబడింది. "ఇప్పుడు దిగిందిరా!" అని వీపు మీద ఒకటి చరిచాడు. ఆ దెబ్బకి ఛాతీ ఉప్పొంగిపోయింది.

ఇంట్లో మా అక్క పాట్లు వేరు. ఒక చోట వెలుగు ఎటునుంచి ఎంత వస్తోందో తెలియాలంటే, అక్కడ మెరిసే గుండ్రటి వస్తువు పట్టుకుని అందులో పడిన ప్రతిబింబాన్ని ఫోటో తియ్యాలి. ఆఫీసులో అందుకోసం ఒక ఉక్కు బంతి ఉంది. బావకి అది ఆనదు. మా అక్క వంటింటి గరిటెలో ఆకాశం ఇంకా బాగా కనిపిస్తుందట.

"గరిటె ఏదండీ?" అని అక్క ఫోను.

"సైటు దగ్గరుంది."

"ఇక్కడ కూర అడుగంటుతోంది!"

"ఒక్క మబ్బు అడ్డొచ్చిందే. అది పోగానే వచ్చేస్తా."

అక్క విసిగిపోయి కొత్త గరిటె కొనుక్కుంది. అది మరింత తళతళలాడుతోందని బావ దాన్నీ పట్టుకుపోయాడు.

ఇలా ఉండగా ఒక పెద్ద బిల్డరు పని వచ్చింది. ఆయనకి ఫోటో నచ్చితే ఇకమీదట ఆయన పనులన్నీ మావే. నచ్చకపోతే మాలో సగం మంది వేరే ఉద్యోగాలు వెతుక్కోవాలి. బావ మామూలుగా సైటుకి ఒక్కసారి వెళ్తాడు. దీనికి మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లొచ్చేవాడు. "బావగారూ, ఒక్క నీడకి ఇన్ని రోజులా?" అని మేనేజరమ్మ తల పట్టుకుంది.

చివరికి బిల్డరు తన ఆర్కిటెక్టుతో సహా వచ్చాడు. ఫోటో అద్భుతంగా ఉంది. కాకపోతే భవనం నీడ రోడ్డు దాటి, ఎదురింటి వరండా మీద దుప్పటిలా పరుచుకుంది.

"చీకటిగా ఉందయ్యా. ఆ నీడ తీసెయ్," అన్నాడు బిల్డరు.

"తీసేస్తే బిల్డింగ్ గాల్లో తేలుతుంది సార్. తమరు అమ్మేది గాల్లో ఇళ్లా?"

మేనేజరమ్మ చేతిలోని టీ ఒలికింది.

"పోనీ సగం తగ్గించు."

"అది నా చేతిలో లేదండీ. సూర్యుణ్ణి అడగాలి. ఒకటే దారుంది. బిల్డింగే కాస్త వెనక్కి జరగాలి."

"ఫోటో కోసం బిల్డింగ్ జరుపుతారటయ్యా ఎవరైనా!" అని బిల్డరు పగలబడి నవ్వాడు.

బావ నవ్వలేదు. రెండో ఫోటో తెరిచాడు. అందులో భవనం వెనక్కి జరిగింది. వెనకుండాల్సిన కార్ల స్థలం చెట్లతో సహా ముందుకొచ్చింది. నీడ రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. ఎదురింటి వరండాలో ఎండ బంగారంలా మెరుస్తోంది. భవనం మునుపటికంటే హుందాగా ఉంది.

ఆర్కిటెక్టు కళ్లజోడు సవరించుకుని దగ్గరికి జరిగింది. "సార్, ఇది నిజంగానే కుదురుతుంది. ఒక్క ఫ్లాటు కూడా తగ్గదు. నాకే తట్టలేదు."

"నేను మొదట్నుంచీ అనుకుంటున్నది అదే," అన్నాడు బిల్డరు.

భవనం అలాగే లేచింది. పూర్తయ్యాక అదే చోట, అదే వేళకి నిలబడి ఫోటో తీసుకురమ్మని మేనేజరమ్మ నన్ను పంపింది. ఆ ఎదురింటి వరండాలో ఒక పెద్దాయన ఎండకి చేతులు చాపి కూర్చుని ఉన్నాడు. ముందు బల్ల మీద విప్పిన గడియారాలు.

"పొద్దున ఎండ తగిలితే గానీ ఈ వేళ్లు వంగవు బాబూ. వంగితేనే పని," అన్నాడు. "మీ ఆఫీసాయన రోజూ ఇక్కడే కూర్చునేవాడు. 'తాతగారూ, ఎండ ఎక్కడిదాకా రావాలి? ఎంతసేపుండాలి?' అని నా ప్రాణం తీశాడనుకో."

ఆఫీసుకొచ్చి ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టాం. ఏది బావ చేసిందో, ఏది నేను తీసిందో మేనేజరమ్మకే తెలియలేదు. ఆఫీసంతా చప్పట్లు. "ఆయన మా బావ!" అన్నాను, అక్కడున్న అందరికీ తెలిసినా సరే.

చప్పట్లు సద్దుమణిగాక పక్కకి లాగి అడిగాను. "రోజూ సైటుకి వెళ్లేది నీడ కోసమన్నావు. ఆ తాతగారి కోసమా బావా?"

"ఛ, ఛ! ఆయన చలికి లోపలికెళ్లిపోతే వరండాలో కుర్చీ ఖాళీ అయిపోదూ? ఫోటో బోసిపోతుందిరా," అంటూ మొహం కంప్యూటర్ వైపు తిప్పేసుకున్నాడు.

ఆయన చెవులు రెండూ ఎర్రబడ్డాయి. అది కిటికీలోంచి పడే ఎండ రంగని దబాయించాడు. కిటికీ తెర వేసే ఉంది.