వెర్నా కుట్టు

గోధుమ చేల నడుమ ఉన్న ఆ అమెరికా కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు జెర్సీలన్నీ దర్జీ వెర్నా చేతి మీదుగానే మైదానానికి వెళ్తాయి. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, దారం పళ్లతో తెంపి, కుట్టిన చోటును బొటనవేలితో ఒకసారి నిమురుతుంది. నిమిరితేగాని పని అయినట్టు కాదు. పోయినేడు పెద్ద కాలేజీలు టీవీ డబ్బుల కోసం వేరే పోటీల కూటమిలో చేరిపోతే, తాతల నాటి పాత కూటమి గుర్తున్న గుడ్డ బిళ్లలన్నీ జెర్సీల మీంచి ఆవిడే విప్పింది.

ఉపకారవేతనం లేకుండా, సొంత ఖర్చుతో చదువుకుంటూ ఆడే కుర్రాళ్ల వీపు మీద పేరుండదు. మ్యాచ్‌లో దిగిన రోజే కుడతారు. మూడేళ్లుగా ఎదురుచూస్తున్న ఎల్డన్ ఈసారి దిగుతాడని కోచ్ అనడంతో వెర్నా ఆగలేక వాడి పేరు ముందే కుట్టేసింది. అంతలో జట్టులో ఇంతమందే ఉండాలని కొత్త నిబంధన వచ్చి, ముందుగా అలాంటివాళ్లనే తీసేశారు. హెల్మెట్ అప్పజెప్పడానికి వచ్చిన ఎల్డన్, ఆవిడ ఒళ్లో తన పేరున్న జెర్సీ చూశాడు.

"ఇదెప్పుడు కుట్టారు, మిస్ వెర్నా?"

"ఎప్పుడైతే ఏంలేరా. ఆ కొస గట్టిగా పట్టుకో, గుడ్డ చిరుగుతుంది."

వాడు మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నాడు. ఆవిడ ఒక్కో కుట్టే విప్పసాగింది.

"ఇంత గట్టిగా కుట్టారేంటండీ?"

"ఎవడైనా వెనక నుంచి పట్టి లాగినా ఊడకూడదనిరా."

వాడు తల వంచుకుని కొస ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. పేరంతా ఊడొచ్చాక, వెర్నా బొటనవేలు అలవాటు కొద్దీ ఆ ఖాళీ చోటును నిమిరింది.