బ్రీడా చెప్పింది, దేవకుమారి రాసింది

మా ఏజెన్సీలో దేవకుమారి నోట్సు అంటే అందరికీ నవ్వులాట. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి కేరర్ పని చేసే మేమంతా బయల్దేరే ముందు అక్కడుండే ఫోల్డర్‌లో రెండు ముక్కలు గీకి సంతకం పెడతాం. స్నానం అయింది, మాత్రలు వేసుకుంది, టీ తాగింది, అంతే. దేవకుమారి మాత్రం పేజీలకు పేజీలు నింపుతుంది. "కోడలు సూప్‌లో ఉప్పు ఎక్కువేస్తోంది" అని పెద్దాయన అంటే, ఆ మాటను కొటేషన్లలో పెట్టి మరీ రాస్తుంది. కుదించి రాయమని ఆఫీసువాళ్లు రెండుసార్లు పిలిచి చెప్పారు. కొత్తగా చేరిన పిల్లలు దానికి "దేవక్క భారతం" అని పేరు పెట్టారు. నేను మాత్రం నవ్వను. నవ్వే హక్కు నాకు లేదు.

దేవకుమారిది తెనాలి పక్క పల్లె. మాదీ ఆ చుట్టుపక్కలే. ఆరేళ్ల కిందట భర్త జయకుమార్‌తో ఐర్లండ్‌లో మేముండే లూకన్ వచ్చినప్పుడు ఈ పనిలో పెట్టించింది నేనే. మనిషి మెత్తన. గొంతు బాగుంటుంది. మా తెలుగు చర్చిలో ఆదివారం వాక్యం చదివేది తనే. ఆ గొంతు విన్నాకే బ్రీడా తనను వదల్లేదు.

బ్రీడా ఇల్లు మెయ్‌నూత్ ఊరు దాటాక, పొలాల మధ్య. వెనక పాత గడ్డి షెడ్డు. ఎనభై నాలుగేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. చూపు మధ్యలో మచ్చ పడి చదవడం పోయింది గానీ నాలుక మాత్రం పదునుగానే ఉంది. అల్మరా నిండా హత్యల నవలలు.  వాటిలో ఒక స్వీడన్ నవలంటే ప్రాణం. "ఆ దేశం వాళ్లు తక్కువ మాట్లాడతారు, ఎక్కువ దాచిపెడతారు. అచ్చం మా కిల్డేర్ వాళ్లలాగే" అనేదట.

పొద్దున గంటసేపు డ్యూటీ. స్నానం, బ్రేక్‌ఫాస్ట్ అయ్యాక మిగిలే ఇరవై నిమిషాలూ దేవకుమారి ఆ నవల చదివి వినిపించేది. సరస్సు ఒడ్డున ఒక పొలం, ఆ పొలం మీద మూడు తరాల కుటుంబం, ఎవరికీ చెప్పని ఒక చావు. కళ్లు బాగున్న రోజుల్లో బ్రీడా దాన్ని రెండుసార్లు చదివేసింది. అయినా వింటూ కూర్చునేది. పోలీసాయన పాతబావిలోంచి ఎముకలు తీయించే అధ్యాయం వచ్చిన రోజు మాత్రం చెయ్యెత్తి ఆపమంది.

"దేవీ, పుస్తకం మూసెయ్. నేనొకటి చెప్పాలి" అంది.

తనకు తొమ్మిదేళ్లప్పుడు జరిగిందట. అక్క కాథ్లీన్‌కు పదిహేడేళ్లు, కడుపుతో ఉంది. నాన్న కోపంతో తోశాడు. వంటింటి మెట్టు రాయి తలకు తగిలింది. ఆ రాత్రే నాన్నా, అన్నా కలిసి గడ్డి షెడ్డు మూలన తవ్వారు. లాంతరు పట్టుకుంది తను. వెలుతురు కదిలితే నాన్న సరిగ్గా పట్టుకోమన్నాడు. కాథ్లీన్ ఓడెక్కి ఇంగ్లండ్ పోయిందని ఊరికీ, అమ్మకూ చెప్పారు. అమ్మ చనిపోయేదాకా ఉత్తరం కోసం చూసింది.

"అమ్మానాన్నల సమాధిలో ఇంకొక్కరికే చోటుంది. అది కాథ్లీన్‌ది. నన్ను ఎక్కడైనా పెట్టండి. గార్డులకు నువ్వు చెప్పు దేవీ. నేను చెబితే మా డెక్లన్ నాకు మతి పోయిందంటాడు."

డెక్లన్ అంటే ఆ అన్నగారి కొడుకు. ఆదివారం ఆదివారం వచ్చి చూసి వెళ్తాడు. గార్డులంటే ఇక్కడి పోలీసులు.

దేవకుమారి వంటింట్లోకి వచ్చి నాకు ఫోన్ చేసింది. నేనప్పుడు ఒక ముసలాయనకు సాక్సు తొడుగుతున్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని విన్నాను.

"అక్కా, బ్రీడా ఆ నవల్లో కథంతా వాళ్లింట్లోనే జరిగిందని చెప్తంది. అక్కని పూడ్చిపెట్టారంట. ఏం రాయమంటావ్?"

"మొన్న ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు నిన్ను పట్టుకుని వాళ్ల టీచరమ్మ అనుకోలా? ఇదీ అంతే. కన్‌ఫ్యూజ్డ్ అని రాసి బయటపడు."

"ఒకవేళ నిజమైతేనో?"

"నిజమైతే ఇన్నేళ్లు ఊరుకునేదా? నీకు తర్వాతి ఇంటికి వెళ్లేది లేదా ఏంది? నవలకీ, జీవితానికీ తేడా తెలియట్లేదని రాయి. చాలు."

కన్‌ఫ్యూజ్డ్ అన్నది మా పనిలో పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. మంచినీళ్లు వద్దన్నా అదే రాస్తాం, కొడుకు మీద అలిగినా అదే రాస్తాం. దేవకుమారి నేను చెప్పింది చెప్పినట్టు రాసింది. తేదీ వేసి సంతకం పెట్టింది.

ఆదివారం డెక్లన్ ఫోల్డర్ చదివాడు. చెడ్డవాడేం కాదు, కంగారుపడ్డాడు. ఆఫీసుకు ఫోన్ చేశాడు, ఫ్యామిలీ డాక్టర్ని పిలిపించాడు. డాక్టరు మత్తుగా ఉంచే మాత్రలు రాశాడు. ఉద్రేకం కలిగించే పుస్తకాలు వద్దన్నారు. సోమవారం దేవకుమారి వెళ్లేసరికి బ్రీడా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉందట.

"నువ్వు రాసింది డెక్లన్ నాకు చదివి వినిపించాడు. నీ చేతిరాత చాలా బాగుంటుందన్నాడు."

 దేవకుమారి సారీ చెప్పబోతే, "ఇట్స్ గ్రాండ్, లవ్" అంది, పర్లేదులే అన్నట్టు. రెండు నెలలకు ఆవిడను నర్సింగ్ హోమ్‌కు మార్చారు. ఇల్లు ఖాళీ చేసే రోజు ఆ నవల దేవకుమారి చేతిలో పెట్టి, "ముగింపు నువ్వు చదువుకో" అంది.

దేవకుమారి దాన్ని తన బట్టల అరలో పడేసింది. అప్పట్లో తనకు తీరిక లేదనుకున్నాను. చదవడానికి భయపడిందని ఇప్పుడు తెలుసు. ఎనిమిది నెలలు పోయాక, మెయ్‌నూత్ బస్సులో రోజుకు పది పేజీల చొప్పున మొదలుపెట్టింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా మా ఇంటికొచ్చి, ఆ పుస్తకాన్ని పలావు గిన్నె పక్కన పెట్టింది.

"అక్కా, ఇందులో ఆడపిల్లే లేదు."

"ఏంటే?"

"బావిలో ఎముకలు తాతయ్యవంట. చంపింది పెద్దకోడలు. గడ్డి షెడ్డు లేదు, లాంతరు లేదు. చిన్నపిల్ల ఎక్కడా లేదు. ఆఖరి పేజీ దాకా చదివానక్కా. బ్రీడా చెప్పింది ఇందులోది కాదు."

నేను ఆఖరి పేజీలు తిప్పి చూశాను. పలావు చల్లారిపోయింది. పుస్తకం అచ్చులో ఉంది, ఎవరైనా తీసి చూడొచ్చు. అది చూడకుండానే మేమిద్దరం ఆవిడ జీవితాన్ని ఆ అట్టల మధ్యకు నెట్టేశాం.

మర్నాడు నా కారులో నర్సింగ్ హోమ్‌కు వెళ్లాం. కిటికీ పక్క కుర్చీలో బ్రీడా సగానికి సగం అయిపోయి కనిపించింది. దేవకుమారి నేల మీద మోకరించి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. పుస్తకం పూర్తి చేశానని చెప్పింది. నిన్ను నమ్ముతున్నానంది. కాథ్లీన్ సంగతి గార్డులకు ఇవాళే చెబుతానంది.

బ్రీడా తన మసక కళ్లతో దేవకుమారి ముఖం ఉన్నవైపు చూసింది. ఆ కాసేపు ఆవిడకు ఏ మత్తూ లేదు. అది నేను చూశాను, ఎక్కడైనా చెబుతాను.

"కాథ్లీనా? అది పుస్తకంలోది కదమ్మా. నువ్వే రాశావుగా."

చేతులు వెనక్కి తీసుకుని కిటికీ వైపు తిరిగింది. ఒక మనిషిని జీవితంలో ఒక్కసారి నమ్మి చూసింది. రెండోసారి నమ్మేంత ఓపిక ఆవిడకు మిగల్లేదు. ఆ తప్పు ఆవిడది కాదు.

అయినా గార్డుల దగ్గరకు వెళ్లాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అక్కడి అబ్బాయి మర్యాదగా విని అంతా రాసుకున్నాడు. తర్వాత డెక్లన్‌ను అడిగారు, బ్రీడాను అడిగారు. ఆవిడ మాతో అన్నదే వాళ్లతోనూ అంది. ఏజెన్సీ నుంచి ఫోల్డర్ తెప్పించి చూస్తే, దేవకుమారి అందమైన చేతిరాతతో అదే మాట ఉంది. గడ్డి షెడ్డు నేల మీద ఎప్పుడో కాంక్రీటు పోశారు. ఒక నవల కోసం దాన్ని పగలగొట్టలేమన్నారు. అప్పటినుంచే దేవకుమారి ఎవరు ఏమన్నా వాళ్ల మాటల్లోనే రాయడం మొదలుపెట్టింది.

బ్రీడా ఫిబ్రవరిలో పోయింది. ఇద్దరం సెలవు పెట్టి వెళ్లాం. సన్నగా వాన పడుతోంది. సమాధి రాయి మీద అమ్మ పేరు, నాన్న పేరు, వాటి కింద ఖాళీ. ప్రార్థన అయ్యాక డెక్లన్ మా దగ్గరికొచ్చి, వచ్చినందుకు థ్యాంక్స్ చెప్పాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సరిగ్గా ఒక్క చోటే మిగిలి ఉంది. మా అత్త అదృష్టం, వాళ్లమ్మ దగ్గరికే చేరుతోంది" అన్నాడు.

దేవకుమారి తల ఊపింది.  కాథ్లీన్ చోట్లోకి బ్రీడాను దించుతుంటే గొడుగు పక్కన పెట్టేసి వానలోనే నిలబడింది.

తిరిగి లూకన్‌కు కారు నేనే నడిపాను. ఫోల్డర్‌లో ఆ మాట రాయమన్నది నేను. అది తనకూ తెలుసు, నాకూ తెలుసు. "నువ్వే చెప్పావుగా అక్కా" అని దేవకుమారి ఆరోజు అనలేదు, ఈరోజు దాకా అనలేదు. ఒక్కసారి అంటే బాగుండును.