మిగతా సగం పాట

మా ఆయన గాజు సామాను గోదాములో ప్యాకింగు పని చేసేవారు. గ్లాసులు, జాడీలు, లాంతరు చిమ్నీలు, పింగాణీ పళ్లేలు, ఏది వచ్చినా ముందు కాగితం చుట్టి, గడ్డిలో పడుకోబెట్టి, పైన గోనె వేసి పురికొసతో కట్టేవారు. ఆ కట్టు కట్టాక లోపల ఒక్క గ్లాసైనా పగిలిందన్న మాట నేను వినలేదు. పెట్టె ఎవరు మోసినా వాళ్ల వెనకాలే "మెల్లిగా... మెల్లిగా" అంటూ నడిచేవారు. అందుకే గోదాములో అందరూ ఆయన్ని మెల్లిగా గారు అనేవాళ్లు. గుమస్తా ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిస్తే పలికేవారు కాదు. మెల్లిగా గారూ అంటేనే తల తిప్పేవారు.

ఇంట్లోనూ అదే వరస. నేను గుడ్లు బుట్టలో సర్దుతుంటే పక్కన నిలబడి "మెల్లిగా" అనేవారు. పెళ్లయిన కొత్తలో నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తిప్పేవారు కదా, దారిలో గుంత కనబడితే చాలు, నన్ను దింపి, సైకిలు దాటించి, మళ్లీ ఎక్కించుకునేవారు. చూసేవాళ్లు నేనూ గోదాము సరుకే అనుకుని ఉంటారు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం అకార్డియన్ ఒకటి చంకన పెట్టుకుని వచ్చారు. నాటకాల కంపెనీ ఒకటి మూతపడితే వాళ్ల సామానంతా కట్టే పని ఈయనకే వచ్చిందట. అన్నీ కట్టారు గానీ దీన్ని కట్టబోతే చేతులు ఆడలేదట. ఆ ముఖం చూసి వాళ్లే ఇచ్చేశారు. అకార్డియన్ అంటే భుజాలకు తగిలించుకుని, ఛాతీ మీద పెట్టుకుని వాయించే హార్మోనియం అనుకోండి. మధ్యలో తిత్తి ఉంటుంది. లాగితే ఒక మూలుగు, నొక్కితే ఇంకో మూలుగు.

వారం తిరక్కుండా పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూశారు.

"మీ ఇంట్లో ఎవరికమ్మా ఒంట్లో బాగాలేదు? పొద్దున్నుంచీ ఒకటే మూలుగు."

"ఎవరికీ లేదు పిన్నిగారూ. మా ఆయన పాట నేర్చుకుంటున్నారు."

"అయితే కషాయంతో తగ్గేది కాదులే," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

పట్టుబట్టి ఎలాగో వేళ్లు కుదిర్చారు. వాయించేది ఒకే ఒక్క పాట. అదీ సగం. చక్కగా సాగుతూ సాగుతూ ఒక చోట టక్కున ఆగిపోయేది. అన్నం తింటున్నవాడు ముద్ద నోటి దాకా తెచ్చి లేచిపోయినట్టు ఉండేది నాకు.

"మిగతాది ఏదండీ?" అన్నాను ఒకసారి.

"నాకు రాదు. అక్క దగ్గర ఉంది."

సంగతేమిటంటే, మా అత్తగారు మిల్లు పనికి వెళ్తే ఈయన్ని సాకింది వాళ్లక్కే. తనూ చిన్నపిల్లే. తమ్ముణ్ని చంకనేసుకుని నిద్రపుచ్చడానికి తనే ఒక పాట కట్టుకుంది. ఈయన రోజూ సరిగ్గా సగం పాటకి నిద్రపోయేవారు. ఆ తర్వాత ఏముందో ఈయనకి తెలియదు. అక్కని అడిగితే తప్ప తెలిసే దారీ లేదు, ఆ పాట ఇంకెవరికీ రాదు మరి.

ఇలా ఉండగా మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, అమ్మ ఒక్కొక్కటే మరిచిపోతోంది. నిన్న ఉప్పు డబ్బా పట్టుకుని ఇదేమిటే అని అడిగింది."

"పాట?" అన్నారు ఈయన.

"అది మాత్రం పాడుకుంటూనే ఉంటుంది. పట్టుకుందామంటే నా నోట రాగం పలకదు. అమ్మకైనా ఎన్నాళ్లుంటుందో మరి."

ఫోన్ పెట్టేసి చాలాసేపు గడప మీద కూర్చున్నారు. తర్వాత లేచి, "ఆ సగం పోకముందే వెళ్లి తెచ్చుకోవాలి," అన్నారు, ఎవరింట్లోనో పెట్టి మరిచిపోయిన గొడుగు సంగతి చెప్పినట్టు.

ఫోన్లో పాడించుకోవచ్చు కదా అన్నాను. పక్కన కూర్చుని, ఆవిడ పాడుతుంటే వేలు పెట్టి పట్టుకోవాలట. సరే, బస్సులో వెళ్దామన్నాను. నన్ను ఒక చూపు చూశారు.

"బస్సు టాపు మీద సామాను ఎలా పడేస్తారో నీకు తెలియదు. నాకు తెలుసు. నేను కట్టినవి నా కళ్ల ముందే పడేస్తుంటారు."

"ఒళ్లో పెట్టుకోండి."

"ఒళ్లో పెట్టుకుంటే పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు. సైకిలు మీద వెళ్దాం."

ఊరు దగ్గరేం కాదు, నాలుగు రోజుల దారి. అయినా ఆయనకి ఇష్టమైతే నాకేం? కానీ చిక్కల్లా అక్కడే ఉంది. అకార్డియన్‌కి కావలసింది వెనక క్యారియర్. అది నా సీటు. పెళ్లయినప్పటి నుంచీ నాదే.

పిన్నిగారికి ఈ సంగతి ఎలా తెలిసిందో తెలియదు. "ఇన్నాళ్లకి సవతి వచ్చిందన్నమాట. వస్తూనే నీ చోటు లాక్కుంది చూశావా," అన్నారు.

నేను ఊరుకుంటానా? నాకూ సైకిలు నేర్పమన్నాను. గోదాము వెనక సందులో ఆయన సీటు పట్టుకుని పరిగెత్తడం, నేను ఊగుతూ పోవడం, వెనక నుంచి "మెల్లిగా... మెల్లిగా" అని గోల. ఆ గోల వల్లే సగంసార్లు పడ్డాను. మోకాళ్లకి ఇంటి నిండా ఉన్న పాత గుడ్డలన్నీ కట్టుకున్నాను. చివరికి ఒకరోజు ఆయన చెయ్యి వదిలేశారని తెలియకుండానే సందు చివరిదాకా వెళ్లిపోయాను. ఆపడం నేర్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. గడ్డివాము అడ్డం వచ్చి కాపాడింది. ప్రయాణానికి నా కోసం గుమస్తా సైకిలు అడిగి తెచ్చారు.

బయలుదేరే రోజు అకార్డియన్‌ని ఆయన కట్టిన తీరు చూడాలి. కాగితం, గడ్డి, నా పాత దుప్పటి, మళ్లీ గడ్డి, గోనె, దాని మీద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పురికొస. పైన ఎర్ర రంగుతో బాణం గుర్తు వేశారు, ఇది పైవైపు అని. తీరా క్యారియర్ మీద నిలువుగా కుదరక పడుకోబెట్టేసరికి ఆ బాణం కాస్తా వెనక వస్తున్న నన్ను చూపించింది. దారి పొడుగునా జనం ఆ బాణాన్ని చూసి, అది చూపించిన చోటుకి, అంటే నా ముఖంలోకి చూశారు.

దారిలో ఆగిన ప్రతి చోటా అందరికీ ఒకటే ఆరాటం, లోపల ఏముందని. టీ కొట్టతను కుట్టుమిషన్ అన్నాడు. పంక్చర్లు వేసే అతను చెవి ఆనించి విని, "ప్రాణం ఉన్నదేనా?" అని అడిగాడు. అకార్డియన్ అని చెబితే, "ఏదీ, ఒక్కసారి వాయించండి," అనేవాళ్లు. మా ఆయన సైకిలెక్కేసేవారు. విప్పితే మళ్లీ కట్టడానికి ఒక పూట పడుతుంది మరి. అలా పాటలపెట్టె వెంట ఉండి కూడా మూగవాళ్లలా ప్రయాణం చేశాం. మూడో రోజు వాన పట్టుకుంది. ఆయన తన చొక్కా విప్పి దాని మీద కప్పారు. నా మీద కప్పుకోవడానికి గోనె ముక్క ఇచ్చారు. సవతి మాట నిజమేనేమో అనిపించింది.

నాలుగో రోజు పొద్దున చేరాం. వదిన వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది గానీ నోరు మాత్రం చిక్కలేదు.

"ఎవర్రా నువ్వు, చొక్కా లేకుండా?"

"నేనే అక్కా."

"నువ్వేనా. పక్కన ఆ బురద మనిషి ఎవరు?"

"నీ మరదలు."

"దాన్నీ సరిగ్గా కట్టి తేవాల్సింది," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా అన్నీ పోలేదు.

ఈయన వెంటనే మూట ముందేసుకుని కూర్చున్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. గోదాములో ఇన్నేళ్లు కట్టారు గానీ ఆయన ఏనాడూ విప్పలేదు. విప్పడం అవతలి ఊరివాళ్ల పని. దానికి తోడు వానకి తడిసి ముడులన్నీ ఉబ్బి రాళ్లయ్యాయి. గోళ్లతో లాగారు, పళ్లతో కొరికారు. మేనకోడలు కత్తి తెస్తే కసిరారు. తాడు కోయడం ప్యాకింగు మనిషికి తలవంపులట. ఎండ నడినెత్తికొచ్చింది.

"వీడు దీన్ని విప్పేలోపు నేను నా పేరు కూడా మరిచిపోతాను," అంది వదిన.

గోదాములో మిగిలిన ముడులుపడ్డ తాడు ముక్కలు ఆయన ఇంటికి తెస్తే, ఇన్నేళ్లూ ఆ ముడులు విప్పి బట్టలారేసే తాళ్లు చేసుకుంది నేను. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అడుగుతారేమో అని చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి, నా వైపు చూడకుండానే, "నీ గోళ్లు ఖాళీగా ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయి. మెల్లిగా విప్పమంటారా, గబగబా విప్పమంటారా?"

వదిన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

మూట విప్పాను. అకార్డియన్ చెక్కు చెదరలేదు, ఒక్క చుక్క తడి లేదు. భోజనాలయ్యాక వదిన మంచం పక్కన నేల మీద చాప వేసుకుని, అకార్డియన్ గుండెల మీద పెట్టుకుని, ఆయన తన సగం వాయించారు. తెలిసిన చోట ఆగారు. "ఇక్కణ్నుంచి పాడక్కా," అన్నారు.

"మధ్యలో నుంచి నాకు రాదు. మొదటి నుంచీ పాడాలి," అని వదిన అందుకుంది. కూనిరాగమే, అయినా సాఫీగా సాగింది. మా ఆయన వేళ్లు మీటల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటున్నారు. నాలుగు రోజులు తొక్కిన కాళ్లు, పొద్దున్నుంచీ ముడులతో పెనుగులాడిన చేతులు, కడుపు నిండా భోజనం, పైన అక్క పాట. సరిగ్గా ఆ చోటుకి వచ్చేసరికి ఆయన తల ఒక పక్కకి వాలిపోయింది. చిన్నగా గురక.

లేపబోతే వదిన చేత్తోనే వారించింది. ఆపకుండా చివరిదాకా పాడింది, గొంతు తగ్గించి. నేను విన్నాను. ఎంత బాగుందో నేను చెప్పలేను. పైకి వెళ్లిన రాగం మెట్టు మెట్టుగా దిగి వచ్చి, గడప దగ్గర చెప్పులు విప్పినట్టు ఆగుతుంది.

మర్నాడు పొద్దున మా ఆయన సిగ్గుపడుతూ మళ్లీ అడిగారు. వదిన మొదలుపెట్టింది. సగానికి వచ్చింది. ఆగింది. పెదాలు కదిలాయి గానీ రాగం రాలేదు.

"తర్వాత ఏమిట్రా?" అంది.

"నన్నడుగుతావేంటక్కా, నేను ఎప్పుడూ అక్కడికి నిద్రపోతానుగా."

ఆయన నవ్వబోయారు గానీ ముఖం సహకరించలేదు. మేనకోడలు లోపలికి వెళ్లిపోయింది. నలుగురిలో ఎప్పుడూ నోరు తెరిచి పాడినదాన్ని కాదు నేను. మెల్లిగా అందుకున్నాను. వదిన నా నోటి వంకే చూసింది. పూర్తయ్యాక, "నీకెలా వచ్చే ఇది? నేనే కదా కట్టింది," అంది.

"నిన్న మీరే ఇచ్చారు వదినా."

తిరుగు దారిలో ఆ సగం ఆయనకి నేర్పుదామని చూశాను. ఆయన నేర్చుకోలేదు. "నీ దగ్గరుందిగా, ఇంకెందుకు?" అనేవారు. ఆ తర్వాత ఇంట్లో రోజూ అదే వరస. తన సగం వాయించి తల తిప్పి చూసేవారు. నేను బియ్యం ఏరుతున్నా, బట్టలు పిండుతున్నా, అక్కణ్నుంచి అందుకోవాలి.

మొన్నటి వానలకి ముందు, చెమ్మ తగులుతుందని అకార్డియన్‌ని కాగితం చుట్టి, గడ్డి పెట్టి, గోనె వేసి కట్టారు. వానలు తగ్గేసరికి ఆయన లేరు. మూట అలాగే గది మూల ఉంది, బాణం పైకి పెట్టుకుని. ఆ ముడులు విప్పడం నాకు రాక కాదు.

ఆదివారాలు మేనకోడలు ఫోన్ చేసి వదినకి ఇస్తుంది. ఆవిడకి ఇప్పుడు ఎవరూ సరిగ్గా గుర్తులేరు, తమ్ముడు తప్ప. కబురు చెప్పినా నిలవడం లేదట. మొన్నా తన సగం పాడి ఆపింది.

"వాడేడీ?" అంది.

"నిద్రపోయారు వదినా."

"ఎప్పుడూ అంతే వెధవ, సగానికే." తర్వాత, "సరే, మిగతాది నువ్వు పాడు. మెల్లిగా పాడు, లేస్తాడు," అంది.

మెల్లిగానే పాడాను.