రైలు పక్కన ఆవాల చేను

నవరాత్రుల్లో మా ఇంటికి బొమ్మల కొలువు చూడ్డానికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది బొమ్మల్ని చూడరు, రైలును చూస్తారు. ఈ మాట చెప్పడానికి నాకేం సంతోషంగా లేదు. మెట్లు కట్టేది నేను, అటక మీద నుంచి బొమ్మల్ని దించి ఒక్కొక్కటే తుడిచేది నేను, సాయంత్రమయ్యేసరికి శనగల గుగ్గిళ్లు, ఇక్కడి తమిళ మాటలో సుండల్, చేసి నిలబడి పంచేది నేను. పేరు మాత్రం మా ఆయన రైలుకి.

చింతాద్రిపేటలో మాది మేడమీది ఇల్లు. హాల్లో ఒక గోడకి కొలువు, పక్క గోడకి రైలు. కొలువు పక్కన చిన్న పార్కు పెట్టడం ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నదే. కాస్త ఇసుక, అద్దం ముక్కతో చెరువు, ప్లాస్టిక్ ఆవులు. మాదీ అట్లాగే మొదలైంది. ఒక ఏడాది ఆ ఆవుల మధ్యకి కరెంటుతో నడిచే బొమ్మ రైలొకటి వచ్చింది. మరుసటి ఏడాది స్టేషనొచ్చింది. సౌకార్‌పేట హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాసే పని మానేసి ఆయన ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాక ఇంక అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ప్లైవుడ్ బల్ల గోడ పొడుగునా పెరిగింది. దాని మీద మా చింతాద్రిపేట స్టేషను, స్తంభాల మీద అంతెత్తున. కింద ఊరి మురుగంతా మోసే కూవం నది. అద్దానికి నల్లరంగు పూశారు. "వాసనొకటే తక్కువ" అని వచ్చినవాళ్లందరూ అంటారు, ఆ మాట తామే కనిపెట్టినట్టు. ఆయనా ప్రతిసారీ అప్పుడే విన్నట్టు నవ్వుతారు.

ఆయనకి ఒక్కటే పంతం. మనుషులు చూస్తుండగా రైలు ఆగకూడదు. ఆగిందంటే, వచ్చినవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా, మాట ఎక్కడున్నా, అక్కడే వదిలేసి ఇంజను మీదికి వంగిపోతారు. అది మళ్లీ కదిలేదాకా ఆయనకి మనం ఎవరమూ కనిపించం.

స్టేషను దిగిన రైలు పొలాల్లోంచి పోతుంది. అవి నిజం పొలాలు. బల్లకి కంతలు కోసి, లోతు తక్కువ పళ్లాలు దించి, మట్టి పోసి ఆవాలూ రాగులూ చల్లితే, నవరాత్రులకి పచ్చగా లేస్తాయి. కూవం పక్కన పొలాలేంటని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు ఉండేవంటారు ఆయన. ఎవరికి తెలుసు గనక. ఆ సేద్యమంతా మా అక్కది. విత్తనాలు నానబెట్టేది, నీళ్లు చిలకరించేది, మొలకలు పొడుగై పట్టాల మీదికి వాలితే కత్తెరతో కోసేది ఆమే. కోయకపోతే ఇంజను చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి.

మా బావ పోయాక అక్క ఈ పండగ రోజుల్లో మా ఇంటికి రావడం మానేసింది. మిగతా రోజుల్లో మామూలుగానే వస్తుంది. ఊరి చివర మాధవరంలో కూతురి దగ్గర ఉంటుంది. బొట్టు పెట్టుకుంటుంది, రంగు చీరలే కడుతుంది, బ్యాంకు పనులు తనే చూసుకుంటుంది. రానిది పేరంటానికి మాత్రమే. ఎందుకో నాకు తెలుసు. బావ పోయిన కొత్తల్లో బంధువుల ఇంట్లో సీమంతానికి ఇద్దరం వెళ్లాం. వరసగా కూర్చున్న ఆడవాళ్లకి కుంకుమ పెడుతూ వచ్చిన అమ్మాయి, అక్క దగ్గర కొంచెం తడబడి, పళ్లేన్ని పక్కనున్న నాకు చాపింది. అట్లా చెయ్యమని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. అక్క కొంగు సర్దుకుని కూర్చుంది. ఇప్పటికీ ఆ పళ్లెం గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత ప్రతి ఏడాదీ ఫోన్లో బతిమాలాను. "మన ఇల్లే కదక్కా, ఈడ నిన్నెవరేమంటారు?" అన్నాను.

"ఎవరూ ఏమీ అనరులే. పళ్లెం నన్ను దాటుకోని పోతాది, అంతే. అది చూసేదానికి మాధవరం నుంచి బస్సెక్కి రావాల్నా?" అంది.

పళ్లెం పట్టుకునేది నేనే అయినా, చుట్టూ చూసే కళ్లు నావి కావు కదా.

అక్క రాని ఏళ్లలో పళ్లాల్లో ఉత్త ఇసుకే పోసి నెట్టుకొచ్చిన మా ఆయన, పోయిన నవరాత్రులకి తనే సేద్యానికి దిగారు. పొద్దునా సాయంత్రం చెంబులతో నీళ్లు పోశారు. మొలక రాలేదు సరికదా, పళ్లాలు కుళ్లి హాలంతా కంపు కొట్టింది. "ఇప్పుడు మీ కూవానికి వాసన కూడా వచ్చింది, ఇంక లోటేం లేదు" అన్నాను. ఆయన నవ్వలేదు. నేను వంటింట్లో ఉండగా అక్కకి ఫోన్ చేశారు.

"వదినా, పైరంతా కుళ్లిపోయిండాది. రైలు బురదలో పోతా ఉంది, జనం నవ్వతా ఉండారు. మీరొచ్చి చూస్తే గానీ కాదు."

నేను తల పట్టుకున్నాను. ఇన్నేళ్లు నేను ఏడ్చి మొత్తుకుంటే రాని మనిషి, ఈ పిలుపుకి వస్తుందా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆవాల పొట్లంతో వచ్చేసింది. పళ్లాలు చూసి, "ఏమయ్యా, నీళ్లు చల్లేది అంటే ఏరు పారించేదా?" అని ఆయన్ని తిట్టి, కుళ్లిన మట్టంతా తీసి పారబోసి, కొత్తగా చల్లింది. అప్పట్నుంచి రోజూ పొద్దున వచ్చేది. భోజనం చేసి, పేరంటాళ్లు వచ్చే వేళకి ముందే వెళ్లిపోయేది. నేను ఉండమనలేదు. ఒక్క మాట జారితే ఆ పొద్దుటి రాక కూడా పోతుందని భయం.

పైరు బాగా ఎదిగాక ఒక రోజు మధ్యాహ్నం నుంచి కుండపోతగా వాన. వీధిలో మోకాలి లోతు నీళ్లు. బస్సులు కదలడం లేదన్నారు. అక్క కిటికీ దగ్గరికీ పొలం దగ్గరికీ తిరుగుతూ ఉండిపోయింది. వాన కాస్త తగ్గేసరికి ఎదురింటావిడ కొత్త కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మెట్ల మీద చప్పుడు వినగానే అక్క లేచి వంటింటి వైపు నడిచింది.

"యాడికి వదినా? గడ్డి పట్టాల మీద పడతా ఉండాది, కోయకపోతే రైలు నిలిచిపోతాది. మీరు ఆడనే ఉండండి" అన్నారు మా ఆయన, రైలు మీద నుంచి చూపు తిప్పకుండా.

అక్క నా వైపు చూసింది. మళ్లీ కూర్చుని కత్తెర తీసుకుంది.

ఎదురింటావిడ బొమ్మల్ని చూసింది, కూవానికి వాసన లేదంది. కోడలు పిల్ల తిన్నగా పోయి అక్క పక్కన చతికిలబడింది. "ఆంటీ, ఇది నిజం పైరా?" అని అడిగి, కత్తెర తీసుకుని రెండు మొలకలు కోసి, రైలు వస్తుంటే చెయ్యి వెనక్కి లాక్కుని నవ్వింది. అక్క కూడా నవ్వింది. కాసేపట్లో వీళ్లు లేస్తారు. నేను పళ్లెం పట్టుకుని తిరగాలి. అక్కకి పెడితే అందరూ అక్క మొహమే చూస్తారు. పెట్టకపోతే, ఆ సీమంతంలో జరిగిందే నా ఇంట్లో, నా చేత్తో జరుగుతుంది. ఏం చెయ్యాలో తెలియక, సుండల్ పొట్లం కట్టే నెపంతో వంటింట్లోకి తప్పుకున్నాను.

అక్కడుండగా మా ఆయన గొంతు వినిపించింది. "వదినా, వీళ్లు పోతా ఉండారు. ఆ కుంకుమ పళ్లెం ఇట్లా తీసి ఇయ్యండి."

పొట్లం అక్కడే పడేసి పరుగెత్తాను. కొలువు కింది మెట్టు మీది పళ్లేనికి అందరికన్నా దగ్గర ఉన్నది అక్కే, నిజం. ఆయన తెలిసే అన్నారా అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "దగ్గరున్నవాళ్లని అడిగినాను, అంతే కదా" అంటారు. ఆ మొహం చూసి ఏదీ తేల్చుకోలేం.

హాల్లో రైలు తిరుగుతూనే ఉంది. ఎదురింటావిడ కోడలి వైపు చూసి, నేల వైపు చూసింది. కోడలు అప్పటికే అక్క ముందుకి వచ్చి నుదురు వంచింది.

"చేతినిండా మట్టి అమ్మా" అంది అక్క.

"కడుక్కోని రండి ఆంటీ. నేనుంటా."

అక్క లోపలికి పోయింది. కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదు. ఇంక బయటికి రాదేమో అనుకున్నాను. ఆ పిల్ల అత్తగారి వైపు గానీ నా వైపు గానీ చూడకుండా నిలబడే ఉంది.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పళ్లెం తీసుకుంది. పిల్ల నుదుట కుంకుమ పెట్టి, పాపిట కూడా పెట్టింది. వెనక ఉన్న అత్తగారు కొంగు సర్దుకుని ఒక అడుగు ముందుకి వచ్చి తనూ నుదురు వంచింది.

కోసేవాళ్లు లేక రైలు ఆవాల చేలో ఆగిపోయి ఉంది. అందరూ చూస్తూనే ఉన్నారు. మా ఆయన దాన్ని కదిలించలేదు.