పేడ ఎవరిది?

మా ఇంట్లో మొదటి ఇంజనీరును నేనే, మొదటి ప్రొఫెసర్నీ నేనే. లాల్‌దర్వాజాలో మా తబేలా వెనక గదిలో, బర్రెల వాసన మధ్య చదువుకుని పైకొచ్చానని సన్మానాల్లో చెప్పుకోవడం నాకు అలవాటు. వినేవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. ఆ తబేలా గురించి నాకు తెలియనిదేముంటుందని నేనూ నమ్మేశాను.

ఇరవై ఏళ్ళకు పైగా ఇంధనం గురించే పాఠాలు చెప్పాను. ఫ్యాక్టరీల్లో బాయిలర్ల చుట్టూ తిరిగి వేడి ఎక్కడెక్కడ కారిపోతోందో చూశాను. పర్యావరణం మీద వేసిన ప్రతి కమిటీలోనూ కూర్చుని బిస్కెట్లు తిన్నాను. దేన్నీ వృథా పోనివ్వకూడదన్నదే నా సబ్జెక్టు. క్లాసులో ఫ్యాను ఆపకుండా బయటికి వెళ్ళినవాణ్ణి మెట్ల దాకా వెళ్ళిపోయినా వెనక్కి పిలిచి మరీ తిట్టేవాణ్ణి. ఈ పిచ్చి బాగా ముదిరాక నా కన్ను మా తబేలా మీద పడింది.

బాపు పోయాక తబేలాను అన్న చూసుకుంటున్నాడు. పన్నెండు బర్రెలు. రోజూ వాడుకగా పోయించుకునే ఇళ్ళకు పోయగా మిగిలిన పాలతో కోవా కాస్తాడు, కట్టెల పొయ్యి మీద. అంత పేడ ఇంట్లో పెట్టుకుని కట్టెలు కాల్చడమేమిటని కాలేజీ తరఫున ఒక గోబర్ గ్యాస్ ప్లాంటు మంజూరు చేయించాను. దరఖాస్తులో ముడిసరుకు అన్నచోట 'వృథాగా పోతున్న పేడ' అని రాశాను. అది రాయడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

నిజానికి మా తబేలాలో పేడ ఒక్కరోజు కూడా వృథా పోలేదు. రోజూ తెల్లారేసరికి పక్క గల్లీ నుంచి ఒకామె వచ్చేది. చిన్నప్పటి నుంచీ నేను ఆమెను అక్కా అనే పిలిచాను. నేల ఊడ్చి, కడిగి, పేడంతా తట్టలకెత్తి పట్టుకుపోయేది. పిడకలు కొట్టి, ఎండబెట్టి అమ్ముకునేది. ఇళ్ళలో సాంబ్రాణి పొగకు, హోమాలకు, బోనాలప్పుడు వాకిట్లో పొయ్యి పెట్టేవాళ్ళకు, ఆఖరికి శ్మశానానికి కూడా ఆమె పిడకలే వెళ్ళేవి. ఊడ్చినందుకు మా ఇంటి నుంచి జీతం లేదు. ఊడ్చిన పేడ ఆమెది, అంతే. ఈ సంగతి ఏ కాగితం మీదా లేదు. ఆమెకు ముందు ఆమె అత్త కూడా ఇలాగే ఊడ్చింది. పుట్టినప్పటి నుంచీ నా కళ్ళ ముందు జరుగుతున్నదే ఇది. అయినా దరఖాస్తు రాసేటప్పుడు ఆమె నాకు గుర్తుకే రాలేదు.

బయటి నుంచి తెప్పించిన పేడతో ట్యాంకును నెల ముందే నింపి ఉంచాం కాబట్టి, ప్లాంటు ప్రారంభించిన రోజు కోవా కడాయి కింద నీలం మంట వెలిగింది. కాలేజీ నుంచి వచ్చినవాళ్ళు ఫొటోలు తీశారు. అక్క ఒక పక్కన తట్ట పట్టుకుని నిలబడి ఉంది. తట్ట ఫొటోలో పడుతోందని, కాస్త పక్కకు జరగమని ఆమెకు చెప్పింది నేనే. జరిగింది. ఆ ఫొటో మా డిపార్ట్‌మెంటు గోడ మీద ఇంకా ఉంది.

రెండు వారాల తర్వాత అన్న ఫోన్ చేశాడు. తబేలా అంతా చిత్తడి అయిపోయిందని, బర్రెల గిట్టలు నానిపోతున్నాయని చెప్పాడు. కాలేజీ పెట్టిన పనివాడు పొద్దున్నే వచ్చి పేడ మాత్రం ఎత్తి ట్యాంకులో వేసి పోతున్నాడట.

"మరి అక్క ఏమైంది?" అన్నాను.

"ఆమె వస్తలేదురా. నీ ట్యాంకు షురూ అయిన కాడికెల్లి నాలుగు దినాలు ఉత్త తట్టతోని పోయింది. ఐదో దినం నుంచి రాలే."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"చదువుకున్నోనివి, నీకు నేనేం చెప్త? ఆమెను అడిగే చేసినవనుకున్న."

అన్న వెటకారంగా అని ఉంటే నాకు కోపమైనా వచ్చేది. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. నా మొహం మీద ఉమ్మేసినా అంత సిగ్గు వేసేది కాదు.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. ఒకటే గది, బయట చిన్న అరుగు. సంతోష్‌నగర్‌లో రెండు ఇళ్ళలో గిన్నెలు తోమడానికి కుదిరిందట. అప్పుడే వచ్చి కూర్చుంది. నాకు మంచినీళ్ళిచ్చింది. నేను దారి పొడుగునా ఆలోచించుకుని వచ్చిన మాట బయటపెట్టాను.

"అక్కా, ప్లాంటు కాడ నీకే పని ఇప్పిస్త. నెల నెలా జీతం వస్తది. ఫికర్ చెయ్యకు."

ఆమె ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది.

"మా అత్త ఊడ్చింది, నేను ఊడ్చిన. మీ బాపు ఒక్కనాడు గూడ నన్ను పనిమనిషి అనలే తమ్మీ. పేడ నాది, పిడక నాది. ఎవలకమ్మాల్నో నా ఇష్టం. గిప్పుడు నా పేడ నేనే ఎత్తి నీ ట్యాంకుల పోసి, నీ ముంగట చెయ్యి చాపాల్నా?"

నష్టపరిహారాల మీద, ఉపాధి మీద నేను పేజీలకు పేజీలు రాసినవాణ్ణి. తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలన్న సంగతి ఆ పేజీల్లో ఎక్కడా లేదు.

మర్నాడు పనివాణ్ణి మాన్పించాను. తబేలాలో పేడ మునుపటిలాగే నీదని అక్కకు చెప్పి వచ్చాను. ప్లాంటుకు ఇక రోజూ పేడ వస్తుందన్న హామీ లేదని కాలేజీకి రాశాను. కమిటీ పెద్ద పిలిచి, మీ సొంత తబేలాలో పేడకు మీకు కరువేమిటండీ అని నవ్వాడు. అది మాది కాదన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ప్లాంటుకు పొడిగింపు రాలేదు, ఆ ఏడాది నాకు రావలసిన పదవి కూడా ఇంకొకరికి పోయింది. బాధపడలేదంటే అబద్ధమవుతుంది.

నేను చెప్పి వచ్చాక కూడా అక్క మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు తెల్లారేసరికి తట్టతో వచ్చింది. నేనూ ఉన్నాను. ఊడ్చింది, కడిగింది, తట్టలు నింపుకుని ఒక్కొక్కటే గేటు దగ్గరికి చేర్చింది. ట్యాంకులో మూడు రోజులుగా పేడ పడక మంట తగ్గిపోయింది. అన్న మళ్ళీ కట్టెల పొయ్యి రాజేస్తున్నాడు. నేను బకెట్టు పట్టుకుని ఆమె వెనకాల తిరిగాను. చివరికి అడిగాను.

"అక్కా, ఒక్క తట్ట ఇస్తవా?"

ఆమె తట్టలన్నిటినీ ఒకసారి చూసుకుంది. అన్నిటికన్నా చిన్నదాన్ని కాలితో నా వైపు జరిపింది.

"తీస్కో," అంది. "రేపు గూడ అడిగే తీస్కో."