శనివారం రెండు నలభైకి పడిపోయే బొమ్మలు

ముందే చెప్తున్న, ఇది విన్నంక నన్ను మ్యాథ్స్ టీచరని ఎవ్వరికీ పరిచయం చేయకుండ్రి. మొన్న శనివారం నూటముప్పై మంది ముందర నా పరువు నేనే తీసుకున్న. అదీ గ్రాఫు గీసి, రుజువులు చూపించి మరీ! ఛాయ తాగుండ్రి, చెప్త.

మా ఇంట్ల ఒక ఆట ఆడ్తం. టేబుల్ చుట్టూ కూసొని ఆడే కథల ఆట. నేను కథ నడిపిస్త. మిగిలినోళ్ళల్ల ఒకరు దొంగ, ఒకరు మంత్రగాడు, ఒకరు సిపాయి. "నేను గోడ దుంకుత" అంటే సరిపోదు, పాచిక ఏస్తే పెద్ద నంబరు పడాలె. లేకుంటే కాలు విరిగినట్టే. ఊరూరి ఆటగాళ్ళం కలిసి ఫోన్ల ఒక గ్రూపు పెట్టుకున్నం, ఆ గ్రూపోళ్ళందరం ఆడేది ఒకటే కంపెనీ ఆట. హైదరాబాదుల శ్రావణి అని ఒకామె, ఆమె తమ్ముడు, ఇద్దరే నడిపిస్తరు. ఆళ్ళు పంపే డబ్బాల తెలుగు రూల్స్ పుస్తకం, పాచికలు, బొటనవేలంత బొమ్మలు, అట్టతోని చేసిన కోట ఉంటయి. మొదటి రెండు డబ్బాలు బంగారం! నేనే గ్రూపుల ఇంత పొడుగు పోస్టులు పెట్టి పొగిడిన.

మూడో డబ్బా వచ్చింది, నా కర్మ మొదలైంది.

అదివరకు మేము ఆదివారం పొద్దుగాల ఆడేటోళ్ళం. మా గోదావరిఖనిల ఆదివారాన్ని ప్లే డే అంటరు, గనికి సెలవు. మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల బ్లాస్టింగ్ సెక్షన్ల పనిచేస్తడు, ఆదివారమైతే ఆయన కూడా ఆటకు కూసునేటోడు. ఈ ఏడు బడిల పదో తరగతోళ్ళ ఆదివారం స్పెషల్ క్లాసులు నా నెత్తిన పెట్టిండ్రు. శనివారం ఒంటిపూట బడి గదా, ఆట శనివారం రెండు గంటలకు మార్చిన. ఆయనకు డ్యూటీ, రాడు. మిగిలింది ముగ్గురం: నేను, మా తమ్ముడు సాల్మన్, పక్క క్వార్టర్ రాజేశం కాక. కాక రిటైర్డ్ సర్దారు. ముప్పై ఏండ్లు గని లోపల కప్పును కట్టెతోని కొట్టి, సప్పుడు విని, ఇది ఉంటదా కూలుతదా చెప్పిన మనిషి.

మొదటి శనివారం ఆట మంచి పట్టు మీద ఉన్నది. రాక్షసుడు కోట ముందర నిలవడ్డడు. దబుక్కున బోర్ల పడ్డడు! ఎవ్వరం ముట్టలే. లేపి నిలబెట్టిన. రెండో శనివారం రాక్షసుడు, సిపాయి ఇద్దరూ పడ్డరు, కోట బురుజు ఒకటి ఊడింది. మూడో శనివారం సాల్మన్ ఏసిన పాచిక ఆరు మీద ఆగి, మళ్ళ కదిలి రెండు చూపించింది. వాడు లేచి ఒకటే లొల్లి.

"అక్కా, ఆరు పడ్డది, నువ్వు చూసినవ్! గిదేం పాచిక? ఆగినంక మళ్ళ తిరుగుతాంది!"

కాక రాక్షసుణ్ణి చేతిలకు తీసుకున్నడు. గోటితోని టక్ టక్ కొట్టి, చెవు దగ్గర పెట్టుకొని విన్నడు. "బిడ్డా, సప్పుడు బోలుగున్నది. మునుపటి సరుకు కాదిది. నిలవడది" అన్నడు. ముప్పై ఏండ్లు కప్పు సప్పుడు విన్న చెవు! నాకు ఇంకేం సాక్ష్యం కావాలె?

అయినా లెక్కల మనిషిని గదా, పడ్డ టైములు రాసుకున్న. రెండు నలభై. రెండు ముప్పై ఎనిమిది. రెండు నలభై రెండు. ప్రతిసారీ ఆట మొదలుపెట్టిన నలభై నిమిషాలకే! ఎవరికైనా ఇక్కడ బుర్ర వెలగాలె. నాకూ వెలిగింది, ఉల్టా వెలిగింది. బొమ్మ కింది బిళ్ళకు పెట్టిన జిగురు నలభై నిమిషాలకు మెత్తవడుతున్నదని తేల్చిన.

"మరి పాచికకు జిగురే లేదు గదక్కా" అన్నడు సాల్మన్.

"నువ్వు ఇంటర్ల ఫిజిక్స్ ఫెయిలైనవ్, మాట్లాడకు" అన్న.

గ్రూపుల పోస్టు పెట్టిన. "కంపెనీ క్వాలిటీ పడిపోయిందా? పడిపోయింది. నా దగ్గర రుజువున్నది." అప్పటిదాక సప్పుడు లేని గ్రూపు ఒక్కసారి లేచింది. ఒకాయనకు కాయితం పల్చగ అనిపించింది, ఒకామెకు రంగు ఎలిసినట్టు కనిపించింది. టీచర్ గారే అన్నరంటే నిజమే అని, నాలుగో డబ్బాకు పేర్లు రాయించుకున్నోళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గిండ్రు.

శ్రావణి నాకు ఫోన్ చేసింది. "మేడం, ఆ బిళ్ళలు నేనే చేత్తో అతికించాను. ఒక్కొక్కటీ నిలబెట్టి చూశాకే డబ్బాలో పెట్టాను. ఇంకో పది మంది తగ్గితే నాలుగో డబ్బా అచ్చు వెయ్యలేం. ఆ తర్వాత కంపెనీ మూసుకోవడమే." నాకూ పాపం అనిపించింది. కానీ టీచర్ బుద్ధి ఎక్కడికి పోతది?

"చూడమ్మా, తప్పు జేస్తే మార్కులు కొయ్యాలె. శనివారం వీడియో మీటింగ్ పెడుదాం, అందరి ముందర చూపిస్త. బొమ్మలు నిలవడ్డయనుకో, నేనే క్షమాపణ రాస్త" అన్న.

శనివారం రెండు గంటలకు ఫోన్‌ను గోడ అల్మారల గట్టిగ ఇరికించి మీటింగ్ మొదలుపెట్టిన. విజయవాడ, వైజాగు, కరీంనగర్, ఎక్కడెక్కడోళ్ళో చేరిండ్రు. నా గ్రాఫు చూపించిన. కాకతోని సాక్ష్యం చెప్పించిన. రెండు ముప్పై అయిదు దాటింది.

"మేడం, ఆ సైరన్ ఏంటండీ?" అని వైజాగాయన అడిగిండు.

"ఏం సైరన్?" అన్న. ఒట్టు, నాకు ఇనవడలే.

"ఇగ రాక్షసుని దిక్కు చూడుండ్రి" అని చెయ్యి చూపించిన. దబుక్కున పడ్డడు! సిపాయి పడ్డడు. కోట మొత్తం కూలింది. "చూసిండ్రా? ఎవ్వరమన్న ముట్టినమా? ఇదీ వీళ్ళ క్వాలిటీ!" అని గెలిచినదాని లెక్క ఫోన్ దిక్కు తిరిగిన. అక్కడ ఒక్కరి మొహమూ మామూలుగ లేదు.

"భూకంపం! మేడం, బయటికి పరుగెత్తండి!" అని వైజాగాయన అరుస్తున్నడు.

"అయ్యో, మీ దిక్కు వచ్చిందా? జాగ్రత్త అన్నా!"

"మా దగ్గర కాదండీ బాబూ, మీ ఇంట్లో!"

"మా ఇంట్లనా? ఏం లేదే!"

అప్పుడు శ్రావణి మెల్లగ అన్నది. "మేడం, మీ వెనక క్యాలెండర్ చూడండి."

తిరిగి చూసిన. క్యాలెండర్ గోడ మీద ఇటూ అటూ ఊగుతున్నది. బందు చేసిన ఫ్యాన్ కూడా ఊగుతున్నది. సాల్మన్ నెత్తి మీద సున్నం పొడి!

రికార్డింగ్ మళ్ళ ఏసిండ్రు. దాన్ని చూసుడు కంటే నిజంగ భూకంపం వస్తే బాగుండు అనిపించింది. నేను క్వాలిటీ గురించి పాఠం చెప్తనే ఉన్న. నా ఎడమ చెయ్యి దానంతటదే పోయి ఛాయ కప్పు మీద సాసర్ మూసింది. మాట ఆగలే. కాక తన గ్లాసును టేబుల్ మీదికెళ్ళి లేపి పట్టుకున్నడు, ఊగుడు ఆగినంక మళ్ళ పెట్టిండు. సాల్మన్ ఫోన్ల ఏదో చూసుకుంటనే వీపుతోని బీరువాను ఒత్తిపట్టిండు. ముందు సైరన్, ఎనక పేల్చుడు: బ్లాస్టింగ్! రోజూ ఇదే టైముకు, మా ఆయన దగ్గరుండి చేసే బ్లాస్టింగే! పెండ్లయి వచ్చిన కాడికెళ్ళి ఆదివారం తప్ప రోజూ ఇల్లు ఊగుతనే ఉన్నది. మా చేతులకు తెలుసు, కాళ్ళకు తెలుసు, మాకే తెల్వది.

అందరూ పడి పడి నవ్విండ్రు. శ్రావణి నవ్వలే. కండ్లు తుడుచుకున్నది. "అయితే నా బొమ్మలు బాగానే ఉన్నాయి కదా మేడం?" అని ఒక్క మాట అడిగింది. నాకు తల ఎత్తబుద్ధి కాలే. వెనక్కి తగ్గినోళ్ళు మళ్ళ పేర్లు రాయిస్తమన్నరు, కానీ టీచర్ గారి క్షమాపణ గ్రూపుల పడ్డంకనే అని మెలిక పెట్టిండ్రు.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగొచ్చిండు. "ఇయ్యాల బ్లాస్టింగ్ ఎట్లయింది?" అని అడిగిన.

"మస్తయింది! ఊర్లె ఒక్క గిన్నె కదలలే" అని కాలర్ ఎగరేసిండు. నేను కూలిన కోటను తీసి ఆయన చేతిల పెట్టిన.

సోమవారం బడిల ఖాళీ పీరియడ్ దొరికితే స్టాఫ్‌రూంల క్షమాపణ రాసుడు మొదలుపెట్టిన. ఫోన్ల టైపు చేస్తే అది క్షమాపణ ఎట్లయితది? చేత్తోనే రాయాలె, పిల్లలకు నేను చెప్పేది అదే. కొత్త పెన్ను, తెల్ల కాయితం, గుండ్రటి అక్షరాలు. "ఇకముందు వస్తువును తప్పుపట్టే ముందు నా చుట్టూ ఏం జరుగుతోందో చూసుకుంటానని మాటిస్తున్నాను" అని రాస్తున్న. మాటిస్తున్నాను కాడ పెన్ను జర్రున జారి, పేజీ అంచుదాక గీత పడ్డది.

నా ఒళ్ళు మండిపోయింది! పొద్దుగాల కొన్న పెన్ను! బడి విడువంగనే గేటు ఎదురుంగ ఉన్న శంకరన్న దుకాణానికి పోయి, దాన్ని ఆయన ముందర పెట్టిన.

"ఏందన్నా ఈ పెన్ను? రాస్తుంటే జారిపోతాంది!"

శంకరన్న పాపం తల ఊపిండు. "నిజమే టీచరమ్మా, ఈ కంపెనీది ఈ మధ్య బాగ పడిపోయింది. పొద్దుగాల మంచిగనే రాస్తది, మూడు కావస్తున్నదంటే చాలు, జారుతది. మీరు నాలుగో మనిషి. ఇగ ఈ సరుకు తెప్పియ్యద్దని బందు చేసిన."

"మంచి పని చేసినవన్నా" అన్న. ఇద్దరం లోకం ఎట్ల ఖరాబైతున్నదో కాసేపు బాధపడ్డం. వేరే కంపెనీ పెన్ను తీసుకొని బయటికొచ్చిన. నాలుగడుగులు ఏసినంక కాళ్ళు వాటంతటవే ఆగినయ్. మూడు కావస్తున్నదంటే చాలు... బ్యాగులకెళ్ళి కాయితం తీసి ఆ గీత దిక్కు చూసిన. మాటిస్తున్నాను!

వెనక్కి ఉరికి శంకరన్నకు సంగతి చెప్పిన. "ఏం బ్లాస్టింగ్?" అన్నడు.

ఆ గీత అట్లనే ఉంచి, అది ఎట్ల పడ్డదో కింద రాసి, ఫోటో తీసి గ్రూపుల పెట్టిన. నాలుగో డబ్బా అచ్చుకు పోయింది, శ్రావణి ఇప్పుడు సంతోషంగనే ఉన్నది. ఇగ మీల ఎవరికన్న ఆ పెన్ను కంపెనీ అడ్రసు తెలిస్తే జర చెప్పుండ్రి. ఆళ్ళకు సుత ఒక క్షమాపణ రాయాలె. ఈసారి ఆదివారం కూసొని రాస్త.